'పాజిటివ్ మిషను' ఎవరికి? లంక గ్రామం నుంచి వచ్చిన ఒక డయాలసిస్ కేసు

రోగి 46 ఏళ్ళ కొబ్బరి దింపు కార్మికుడు. ఊరు కోనసీమలో గోదావరి వైనతేయ పాయ ఒడ్డున ఒక లంక. హెచ్‌ఐవీ బయటపడి పదకొండేళ్ళు. మొదట్నుంచీ టెనోఫోవిర్ ఉన్న మందులే వాడుతున్నారు. చివరి మూడేళ్ళు టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. కలిసిన ఒకే మాత్ర. గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాం. ఇదే తరహా మరికొన్ని కేసుల్లో ఎదురైన సంగతులు కూడా ఇందులో కలిశాయి.

వచ్చిన రోజు పరిస్థితి: కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 11.2, యూరియా 214, పొటాషియం 6.7, హిమోగ్లోబిన్ 6.9, బరువు 54 కిలోలు, కాళ్ళకు నీరు, ఆయాసం. ఈసీజీలో టీ వేవ్‌లు సూదుల్లా లేచి ఉన్నాయి, అంటే పొటాషియం గుండెను తాకుతోంది. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ 8 సెంటీమీటర్ల లోపే, అంటే ఇది నిన్నా మొన్నా వచ్చిన జబ్బు కాదు. రెండేళ్ళ కిందటి ఫైలు తిరగేస్తే మూత్రంలో షుగర్ రెండు ప్లస్‌లు, అదే రోజు రక్తంలో షుగర్ 98. షుగర్ జబ్బు లేని మనిషి టెనోఫోవిర్ మీద ఉండగా మూత్రంలో షుగర్ పోతుంటే ఆ మందు కిడ్నీ గొట్టాలను దెబ్బతీస్తోందని అనుమానించాలి. దానికి తోడు చెట్టెక్కే పని, నడుం నొప్పి, మందుల షాపులో అడిగి కొనుక్కునే, కిడ్నీకి చేటు చేసే నొప్పి మాత్ర డైక్లోఫెనాక్. టెనోఫోవిర్ వాడేవారికి ఏడాదికి ఒకసారైనా క్రియాటినిన్‌తో పాటు మామూలు మూత్ర పరీక్ష చేయిస్తే ఈ దశకు చాలా ముందే మందు మార్చవచ్చు.

అంతకుముందు వెళ్ళిన ఒక యూనిట్‌లో 'పాజిటివ్ మిషను ఖాళీ లేదు' అని తిప్పి పంపారు. ఈ కేసులో మొదట తేల్చుకోవలసిన విషయం అదే.

మిషను సంగతి

చాలా యూనిట్లలో ఒక మూల గదిలో 'పాజిటివ్ మిషను' అని ఒకటి పెట్టి, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ ముగ్గురినీ దాని మీదే ఎక్కిస్తారు. జాగ్రత్త అనుకుని చేసే ఈ పనే ప్రమాదం. ప్రత్యేక గది, ప్రత్యేక మిషను, ఆ షిఫ్టుకు ప్రత్యేక సిబ్బంది అవసరమయ్యేది హెచ్‌బీఎస్‌ఏజీ (ఒంట్లో హెపటైటిస్ బి ఉందని చెప్పే పరీక్ష) పాజిటివ్ రోగికి. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కనీసం ఏడు రోజులు బతుకుతుంది, రక్తంలో లెక్కకు మించి ఉంటుంది. హెచ్‌ఐవీ అలా కాదు. దానికి వేరే మిషను అవసరం లేదని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మార్గదర్శకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. వైరస్ సైజు సుమారు 100 నానోమీటర్లు. రక్తం వడకట్టే డయలైజర్ పొరలో రంధ్రాలు కొన్ని నానోమీటర్లే. పొర చిరగకుండా వైరస్ డయాలిసేట్ (పొరకు అవతల పారే ద్రావణం) వైపు దాటదు.

ఈ రోగికి హెచ్‌బీఎస్‌ఏజీ నెగిటివ్, యాంటీ హెచ్‌సీవీ (హెపటైటిస్ సి పరీక్ష) నెగిటివ్, యాంటీ-హెచ్‌బీఎస్ (హెపటైటిస్ బి నుంచి కాపాడే యాంటీబాడీలు) 10 లోపు. అంటే హెపటైటిస్ బి నుంచి రక్షణ ఏమీ లేదు. అలాంటి మనిషిని 'పాజిటివ్ మిషను' మీద ఎక్కిస్తే అతనివల్ల ఎవరికో ప్రమాదం అనే మాట అటుంచి, పక్కవారి హెపటైటిస్ బి అతనికి అంటించే ఏర్పాటు చేసినట్టే. అందుకని మామూలు వరసలో, చేతులు కడుక్కునే సింకుకు దగ్గరగా ఉన్న చివరి మిషను ఇచ్చాం. ఆ మిషను మీద తరువాతి షిఫ్టులో ఎవరైనా ఎక్కవచ్చు.

డయాలసిస్ గదిలో హెచ్‌ఐవీ పాకిన సందర్భాలు లేకపోలేదు. 1990ల మొదట్లో కొలంబియాలో, ఈజిప్టులో జరిగాయి. కొలంబియాలో ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపిన చోటు) సూదులను అందరివీ ఒకే డబ్బాలో, బలహీనమైన క్రిమిసంహారక ద్రావణంలో నానబెట్టి తిరిగి వాడారు. ఈజిప్టులో సిరంజిలు పంచుకున్నారు. సూది, సిరంజి, వయల్ (మందు సీసా), చేయి: వైరస్ దారులు ఇవే. అందుకే మా యూనిట్‌లో పట్టింపంతా ఈ కింది పనుల మీద.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వయల్ 5 మి.లీ., అందులో 25,000 యూనిట్లు. అది రోగి మంచం దగ్గరికి, ట్రాలీ మీదికి రాకూడదు. మందులు నింపే బల్ల వేరుగా, రక్తం తాకని చోట ఉండాలి. ఒక్కో రోగికి ఒక్కో సిరంజి అక్కడే నింపి, పేరు రాసి పట్టుకెళ్ళాలి. మిగిలింది తిరిగి బల్ల మీదికి రాదు. వాడిన సిరంజితో అదే వయల్‌లోంచి రెండోసారి తీయడం అనే అలవాటు ఒక్కటి మానితే సగం భయం పోతుంది.

చేతి తొడుగులు వేసుకున్న టెక్నీషియన్ ఒక రోగి లైను సర్ది, పక్క మిషనులో అలారం మోగితే అదే చేత్తో మీట నొక్కడం ప్రతి యూనిట్‌లోనూ కనిపించేదే. తొడుగు మనిషి మనిషికీ మారాలి, మధ్యలో చేయి కడగాలి. ప్రెషర్ లైను చివర ఉండే ట్రాన్స్‌డ్యూసర్ ప్రొటెక్టర్‌లో రక్తం కనబడితే వెంటనే మార్చాలి. రక్తం దాన్ని దాటి లోపలికి వెళ్ళిందేమో సిట్టింగ్ అయ్యాక మిషను విప్పి చూడాలి. అంతవరకు ఆ మిషను ఇంకొకరికి ఇవ్వకూడదు.

సిట్టింగ్ అయ్యాక మిషను పైభాగం, మీటలు, కుర్చీ చేతులు, బీపీ పట్టీ హైపోక్లోరైట్‌తో (బ్లీచు ద్రావణం) తుడవాలి. రక్తం ఒలికిన చోట 1 శాతం ద్రావణం పోసి, పది నిమిషాలు ఆగి తుడవాలి. 5 శాతం బాటిల్ అయితే 200 మి.లీ.కి 800 మి.లీ. నీళ్ళు, 4 శాతం అయితే 250కి 750. డెల్టాలో వేసవి వేడికి బాటిల్‌లో మందు బలం తొందరగా పడిపోతుంది. కిటికీ పక్క పెట్టొద్దు, ఏ రోజు కలిపింది ఆ రోజే వాడాలి. లోహపు భాగాల మీద తుడిచాక తడి గుడ్డతో మళ్ళీ తుడవకపోతే తుప్పు పడుతుంది. రక్తపు గొట్టాలు ఎర్ర సంచిలోకి, సూదులు తెల్లని గట్టి డబ్బాలోకి.

డయలైజర్ మళ్ళీ వాడడం గురించి: హెచ్‌ఐవీ ఉన్నంత మాత్రాన అదే రోగికి మళ్ళీ వాడకూడదన్న నియమం సీడీసీ పెట్టలేదు. అయినా మేము ఒకసారే వాడుతున్నాం. కడిగే గదిలో చిమ్మే రక్తపు నీళ్ళు, రద్దీలో డయలైజర్లు తారుమారయ్యే అవకాశం చూసి తీసుకున్న నిర్ణయం అది.

మొదటి వారం

పొటాషియం కోసం 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. నెమ్మదిగా నరంలోకి, 10 యూనిట్ల ఇన్సులిన్ 50 శాతం గ్లూకోజ్ 50 మి.లీ.తో. కుడి మెడ నరంలో డయాలసిస్‌కు తాత్కాలిక కేథటర్ (గొట్టం). హెచ్‌బీఎస్‌ఏజీ రాపిడ్ రిపోర్టు చేతికొచ్చాకే మిషను ఎక్కించాం. అరగంటలో వచ్చే రిపోర్టు కోసం ఆగడానికి ఏ ఎమర్జెన్సీ అడ్డు కాదు, ఈలోపు మందులు పని చేస్తూనే ఉంటాయి.

యూరియా 200 దాటిన మనిషికి మొదటి రోజే నాలుగు గంటలు పెడితే మెదడు వాచి ఫిట్స్ రావచ్చు. అందుకని మొదటి సిట్టింగ్ 2 గంటలు, రక్తం వేగం నిమిషానికి 150 నుంచి 180 మి.లీ., చిన్న డయలైజర్. మర్నాడు 3 గంటలు. మూడోది 4 గంటలు, 250 మి.లీ. ఆ తరువాత వారానికి మూడుసార్లు. నీరు తీయడం గంటకు కిలో బరువుకు 10 మి.లీ. మించకుండా.

ఇన్‌ఫెక్షన్లు రాకుండా ఇచ్చే సెప్ట్రాన్ సంగతి ఇక్కడే చెప్పాలి. సీడీ4 (రోగనిరోధక కణాల) లెక్క 290 ఉండడంతో ఆయన రోజూ డబుల్ స్ట్రెంగ్త్ మాత్ర వేసుకుంటున్నారు. అందులోని ట్రైమెథోప్రిమ్ పొటాషియం పెంచుతుంది. దాన్ని సింగిల్ స్ట్రెంగ్త్‌కు తగ్గించి, డయాలసిస్ రోజుల్లో మాత్రమే, సిట్టింగ్ అయ్యాక వేసుకునేలా మార్చాం. ఇక పొటాషియం పెంచే రెండోది కోనసీమ ప్రత్యేకం: దింపు కార్మికుడికి కూలితో పాటు బోండాలు వస్తాయి. ఒక బోండాం నీళ్ళలో 600 మి.గ్రా. దాకా పొటాషియం ఉంటుంది. 'నీరసంగా ఉంటే బోండాం తాగు' అని ఊరంతా చెబుతుంది, ఈ మనిషి రోజుకు రెండు తాగుతున్నారు. చక్రకేళి, ఎండుచేపల పులుసు ఆపమంటే ఒప్పుకున్నారు గానీ బోండాం మానడానికి నెల పట్టింది. ఆహార పట్టికలు అచ్చువేసే వాళ్ళు 'పళ్ళరసాలు వద్దు' అని రాస్తారు. ఇక్కడ ముందు రాయవలసింది బోండాం.

మాత్రలు

టెనోఫోవిర్ ఆపేముందు హెచ్‌బీఎస్‌ఏజీ చూడడం తప్పనిసరి. టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ హెపటైటిస్ బి మీద కూడా పనిచేస్తాయి. హెపటైటిస్ బి ఉన్న రోగికి టెనోఫోవిర్ తీసేసి లామివుడిన్ ఒక్కటే వదిలితే వైరస్ మొండికేస్తుంది, ఒక్కోసారి కామెర్లు ముదిరి లివర్ కూలుతుంది. అలాంటప్పుడు డయాలసిస్ మోతాదులో హెపటైటిస్ బి మందు ఎంటెకావిర్ చేర్చడమో, టెనోఫోవిర్‌నే వారానికి ఒకసారి డయాలసిస్ తరువాత ఇవ్వడమో చేయాలి. మన రోగికి ఆ చిక్కు లేదు. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ డాక్టరుతో మాట్లాడి అబాకావిర్ 600, లామివుడిన్ 300 కలిసిన మాత్ర, వేరుగా డోలుటెగ్రావిర్ 50 మొదలుపెట్టాం. జిడోవుడిన్ వైపు చూడలేదు; హిమోగ్లోబిన్ 6.9 ఉన్న మనిషికి రక్తాన్ని ఇంకా తగ్గించే మందు అది.

లామివుడిన్ విషయంలో పుస్తకానికీ చేతికీ తేడా ఉంది. లేబుల్ ప్రకారం డయాలసిస్ రోగికి మొదట 50, తరువాత రోజుకు 25 మి.గ్రా. అంటే సిరప్ 2.5 మి.లీ. కొలిచి తాగాలి. లంకలో రోజూ సిరంజితో సిరప్ కొలవమంటే మూడో వారానికి మానేస్తారు. లామివుడిన్ కాస్త ఎక్కువైతే జరిగే నష్టం కన్నా మోతాదులు తప్పితే జరిగేది పెద్దది. అందుకే కిడ్నీ డాక్టరు, ఏఆర్‌టీ డాక్టరు ఇద్దరూ ఒప్పుకుని కలిపిన మాత్రే ఉంచారు. డయాలసిస్ రోజుల్లో సిట్టింగ్ ముగిశాకే.

తొమ్మిదో రోజు జ్వరం

అబాకావిర్ మొదలైన తొమ్మిదో రోజు, మిషను ఎక్కిన గంటకు వణుకుతో 103 జ్వరం. మొదటి ఆరు వారాల్లో అబాకావిర్ పడకపోవడం అనేది ఉంది: జ్వరం, దద్దుర్లు, వాంతులు, దగ్గు, ప్రతి మాత్రకూ ముదరడం. అది అయితే మందు ఆపి, జీవితంలో మళ్ళీ ఇవ్వకూడదు. రెండోసారి ఇస్తే ప్రాణం పోవచ్చు. ఇందులో ఉన్న మెలిక అదే. భయపడి ఆపితే, తరువాత అది అబాకావిర్ కాదని గట్టిగా చెప్పలేని పక్షంలో మళ్ళీ మొదలుపెట్టలేం. డయాలసిస్ రోగికి అసలే తక్కువ మందులు, వాటిలో ఒకటి శాశ్వతంగా పోతుంది. అబాకావిర్ పడని ముప్పును ముందే చెప్పే హెచ్‌ఎల్‌ఏ-బి 5701 జన్యు పరీక్ష నెగిటివ్ అయితే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు. దాని రిపోర్టు ఇంకా రాలేదు.

జ్వరం మిషను ఎక్కాకే వచ్చింది, దిగాక తగ్గింది, మాత్ర వేసుకునే వేళకూ దానికీ సంబంధం లేదు, దద్దుర్లు లేవు, కేథటర్ బయటికొచ్చే చోట ఎర్రగా ఉంది. వణుకు, కేథటర్ కలిసి కనబడితే ముందు రక్తంలో ఇన్‌ఫెక్షన్ అనే అనుకోవాలి. యాంటీబయాటిక్‌కు ముందు రెండు కల్చర్లు (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షలు), ఒకటి కేథటర్ నుంచి, ఒకటి చేతి నరం నుంచి. చివరి గంటలో వాంకోమైసిన్, దాంతో సెఫ్టజిడిమ్. అబాకావిర్ ఆపలేదు, కానీ ప్రతి మోతాదు తరువాత ఒళ్ళు, ఊపిరి చూస్తూ రెండు రోజులు వార్డులో ఉంచాం. కల్చర్‌లో స్టాఫిలోకాకస్ ఆరియస్, మెథిసిలిన్‌కు లొంగేది. కేథటర్ తీసేసి, తరువాతి డయాలసిస్ దాకా విరామం ఇచ్చి కొత్తది వేశాం. మందు సెఫాజోలిన్‌కు మారింది: ప్రతి సిట్టింగ్ చివర 2 గ్రాములు, శుక్రవారం 3 గ్రాములు, నాలుగు వారాలు. ఎకోలో గుండె కవాటాలు బాగున్నాయి. నరంలోకి ఇచ్చే ఐరన్ ఈ నాలుగు వారాలూ ఆపాం. హెచ్‌ఎల్‌ఏ రిపోర్టు నెగిటివ్‌గా వచ్చింది.

ఆ తరువాత కాకినాడలో ఎడమ మణికట్టు దగ్గర ఫిస్టులా వేయించుకున్నారు. మొదటి రోజు నుంచి ఎడమ చేతిలో రక్తం తీయనివ్వకపోవడం వల్లే నరం దొరికింది. ఎనిమిది వారాలకు సన్నటి 17 గేజ్ సూదులతో మొదలుపెట్టి, కాస్త లావైన 16కి మారాం.

వైరల్ లోడ్ ఎందుకు పెరిగింది

నాలుగో నెలలో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) 3,200. అంతకుముందు ఏడాది కనబడనంత తక్కువ. మందులు వేసుకుంటున్నారా అంటే 'ఆయ్, రోజూ ఏసుకుంటున్నానండి' అన్నారు, అది నిజమే. అలా అడిగితే ఏ లంకలోనైనా వచ్చే జవాబు అదే. కౌన్సెలర్ అమ్మాయి మాత్రల సంచి బల్ల మీద బోర్లించి, 'బాబాయ్, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏది ఎప్పుడు వేసుకుంటారో చేసి చూపించండి' అంది. పరగడుపున ఒకే గుక్కలో అన్నీ: డోలుటెగ్రావిర్, కాల్షియం, ఐరన్. వాటితో పాటు పొటాషియం ఎక్కువగా ఉన్న వారాల్లో ఇచ్చిన కేబైండ్ పొడి కూడా. ఖాళీ కడుపులో కాల్షియం, ఐరన్ డోలుటెగ్రావిర్‌ను పట్టి కట్టేస్తాయి, అది రక్తంలోకి ఎక్కదు. పైగా తిండిలోని ఫాస్ఫరస్ ఒంటికి ఎక్కకుండా ఇచ్చే కాల్షియం అన్నంతో తినకపోతే దాని పనీ జరగదు. ఒక్క అలవాటుతో రెండు మందులూ వృథా.

డోలుటెగ్రావిర్ కాల్షియం, ఐరన్‌లకు 2 గంటల ముందు గానీ 6 గంటల తరువాత గానీ పడాలి. లేదా భోజనంతో కలిపి అన్నీ ఒకేసారి. ఆయన రోజుకు సరిపోయేలా ఇలా కట్టాం: కాల్షియం మధ్యాహ్నం 12:30కి అన్నంతో, హెచ్‌ఐవీ మాత్రలన్నీ రాత్రి 7 గంటలకు, రాత్రి అన్నం 9 గంటలకు కాల్షియంతో. ఐరన్ మాత్ర పూర్తిగా తీసేసి మిషను మీదే నరంలోకి ఇచ్చాం. కేబైండ్ పొద్దున్న మాత్రమే. ఈ వేళలైతే డయాలసిస్ పొద్దుటి షిఫ్టు అయిన రోజుల్లో కూడా మార్చక్కర్లేదు. నెలకోసారి కౌన్సెలింగ్, మూడు నెలల తరువాత వైరల్ లోడ్ మళ్ళీ కనబడనంత తక్కువ.

రక్తం తీయడంలో ఒక జాగ్రత్త: వైరల్ లోడ్ శాంపిల్ హెపారిన్ ఎక్కిన లైనులోంచి తీయకూడదు. హెపారిన్ వైరస్‌ను లెక్కించే పీసీఆర్ పరీక్షను అడ్డుకుని లెక్కను తప్పుగా తక్కువ చూపించగలదు. ఫిస్టులా సూది గుచ్చగానే, హెపారిన్ ఇవ్వకముందే, ఈడీటీఏ ట్యూబులోకి తీయాలి.

సూది గుచ్చుకుంది

అయిదో నెలలో, సిట్టింగ్ ముగిసి 16 గేజ్ సూది తీస్తుండగా టెక్నీషియన్ ఎడమ చూపుడు వేలికి గుచ్చుకుంది. బోలు సూది, లోపల రక్తం, రోగి వైరల్ లోడ్ ఇంకా తగ్గని కాలం. ఒక చేత్తో సూది లాగుతూ, అదే చేతి వేళ్ళతో గాజ్ గుడ్డ (డ్రెస్సింగ్ గుడ్డ) అదమబోయాడు. సూదుల డబ్బా ఆరు అడుగుల దూరాన ఉంది. కారణాలు ఆ రెండే.

వేలు పిండకుండా సబ్బు, నీళ్ళతో కడిగించాం. డెటాల్, బ్లీచింగ్ లాంటివి పోయలేదు. హెచ్‌ఐవీ అంటకుండా నలభై నిమిషాల్లో టీఎల్‌డీ మొదటి మాత్ర పడింది. రెండు గంటల లోపు మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం లేదు. మొత్తం 28 రోజులు. అతని హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు, క్రియాటినిన్ ఆ రోజే. యాంటీ-హెచ్‌బీఎస్ తగినంత ఉంది. అతనికి లెక్కలు దాచకుండా చెప్పాం: మందు వేసుకోకపోయినా సూది ద్వారా హెచ్‌ఐవీ వచ్చే అవకాశం వెయ్యికి సుమారు మూడు, టీకా లేనివాడికి హెపటైటిస్ బి అయితే నూటికి ఆరు నుంచి ముప్పై. ఆరు వారాలు, మూడు నెలలు, ఆరు నెలల పరీక్షలు అన్నీ నెగిటివ్.

ఆ తరువాత సూదుల డబ్బా ప్రతి కుర్చీకి చేతికందే దూరంలో వచ్చింది. సూది బయటికి వస్తుండగానే మీదికి జారే గార్డు ఉన్నవే కొంటున్నాం, ఒక్క హెచ్‌ఐవీ రోగికి కాదు, అందరికీ. తెలియని పాజిటివ్ ఎవరో ఎవరికీ తెలియదు కదా.

ఇంట్లో తెలియని వాళ్ళు

రోగి జబ్బు భార్యకు తెలుసు, తోడొచ్చే కొడుక్కి తెలియదు. ఫైలు మీద ఎర్ర స్టిక్కరు, మంచం దగ్గర బోర్డు, 'ఆ మూల పేషెంటు' అనే పిలుపు, ఏదైనా సరే గుట్టు విప్పేస్తుంది. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017లో వచ్చి 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం వైద్యం నిరాకరించడం, అనుమతి లేకుండా జబ్బు సంగతి బయటపెట్టడం రెండూ నేరుగా నిషేధం; సిబ్బందికి రక్షణ సామగ్రి, గుచ్చుకున్నప్పుడు మందు సమకూర్చడం సంస్థ బాధ్యత. మామూలు వరసలోని మిషను ఇవ్వడం వల్ల ఇక్కడ ఇంకో మేలు జరిగింది: 'మా నాన్నకు వేరే గది ఎందుకు' అని కొడుకు అడగవలసిన అవసరమే రాలేదు.

వరద రోజులు

జూలై, ఆగస్టుల్లో కాజ్‌వే మునిగితే పంటు, పడవ తప్ప దారి ఉండదు, ఉద్ధృతి పెరిగితే అవీ ఆగుతాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది. మొదటి హెచ్చరిక పడగానే లంకల రోగులకు ఫోన్ చేసి ఒకరోజు ముందే సిట్టింగ్ ఇచ్చేస్తాం, వీలైనవాళ్ళు గట్టు ఇవతల బంధువుల ఇంట్లో దిగుతారు. ఈ రోగి సంచిలో ఎప్పుడూ ఉండేవి: నెలకు సరిపడా హెచ్‌ఐవీ మాత్రలు పేరు లేని డబ్బాలో, నాలుగు కేబైండ్ పాకెట్లు, చివరి సిట్టింగ్ కాగితం నకలు. నీళ్ళు రోజుకు అర లీటరుకు మించకుండా, బోండాం అసలే వద్దు.

వరద తగ్గాక యూనిట్ వైపు ఇంకో ప్రమాదం. రక్షిత నీటి పథకాల్లో క్లోరిన్ ఎక్కువ వేస్తారు. ఒక్క సిట్టింగ్‌కే 120 లీటర్ల డయాలిసేట్. కార్బన్ ట్యాంకు దాటిన నీటిలో మొత్తం క్లోరిన్ లీటరుకు 0.1 మి.గ్రా. మించితే రక్తకణాలు పగిలిపోతాయి. ఆ వారాల్లో ప్రతి షిఫ్టుకు ముందు పరీక్ష చేస్తాం.

ఇప్పటి పరిస్థితి

ఏడాది గడిచింది. హిమోగ్లోబిన్ 10.4, డ్రై వెయిట్ (ఎక్కువైన నీరు తీశాక బరువు) 51, సీడీ4 రెండుసార్లు 350 దాటాక సెప్ట్రాన్ ఆపాం. హెపటైటిస్ బి టీకా డయాలసిస్ మోతాదులో, అంటే ప్రతిసారీ 40 మైక్రోగ్రాములు, మొదటి రోజు, నెలకు, రెండు నెలలకు, ఆరు నెలలకు ఇచ్చాం. రెండు నెలల తరువాత యాంటీ-హెచ్‌బీఎస్ 6 మాత్రమే. డయాలసిస్, హెచ్‌ఐవీ రెండూ కలిసిన ఒంట్లో టీకా ఇలా పట్టకపోవడం మామూలే. రెండో కోర్సు మొదలైంది. అది పట్టేదాకా నెలనెలా హెచ్‌బీఎస్‌ఏజీ చూస్తున్నాం, మూల గదిలోని ఆ మిషను వైపు ఆయన్ని వెళ్ళనివ్వడం లేదు.